గేమ్ మధ్యలో పీసీ ఠక్కున ఆగిపోయేది: ఎస్ఎంపీఎస్ మార్చి ఏడాదిన్నర వాడాక రాస్తున్నా

ముందే చెప్తున్నా, ఇది డబ్బా విప్పిన రోజు రాసే రివ్యూ కాదు. 750 వాట్ల గోల్డ్ ఎస్ఎంపీఎస్ (పీసీ లోపల అన్ని భాగాలకీ కరెంటు పంచే డబ్బా) కొని ఏడాదిన్నర దాటింది, రోజుకి రెండు మూడు గంటలు గేమింగ్, ఆదివారం అయితే లెక్కే లేదు, రెండు హైదరాబాద్ ఎండాకాలాలు కూడా చూసేసింది, ఇక రాయొచ్చు అనిపించి రాస్తున్నా. కంపెనీ పేర్లు మాత్రం అడగొద్దు, పాతదాన్ని బజారుకీడ్చే ఓపిక నాకు లేదు.

నా పీసీలో రైజెన్ 5 5600 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, ముందు జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు ఉండేది. దాని మీద 550 వాట్ల ఎస్ఎంపీఎస్ నాలుగేళ్లు కిక్కురుమనకుండా పనిచేసింది. తర్వాత సెకండ్ హ్యాండ్‌లో ఆర్‌టీఎక్స్ 3070 దొరికింది, తెచ్చి పెట్టేశా. ఎన్‌విడియా వాళ్లు ఆ కార్డుకి 650 వాట్లు ఉండాలని చెప్తారు, చూశాను కూడా, సేఫ్టీకి కొంచెం ఎక్కువేసి చెప్తారులే అనుకుని వదిలేశా. 75 వాట్ల కార్డు తీసి 220 వాట్ల కార్డు పెడుతున్నా అన్న ఆలోచన ఆ రోజు రాలేదు, వచ్చుంటే ఈ రాత ఉండేది కాదు.

ఓ నెల బానే ఉంది. దసరా సెలవుల్లో మొదలైంది. సైబర్‌పంక్ ఆడుతుంటే పావుగంటకో అరగంటకో ఠక్‌మని చిన్న సౌండ్, అంతే, ఫ్యాన్లు, లైట్లు అన్నీ చీకటి. బ్లూ స్క్రీన్ లేదు, హ్యాంగ్ అవడం లేదు, ఎర్రర్ లేదు. కార్డు మీద పెద్దగా భారం వేయని వాలొరాంట్ మాత్రం రాత్రంతా ఆడినా ఏమీ అయ్యేది కాదు.

మొదట యూపీఎస్ మీద పడ్డా. నాది 600 వీఏ, అంటే అసలు లెక్కలో 360 వాట్లే, ఈ కార్డుతో గేమ్ పెడితే గోడ దగ్గర లాగేది అటూఇటూగా అంతే ఉంటుంది, కాబట్టి అనుమానం న్యాయమైనదే. కానీ మానిటర్ కూడా అదే యూపీఎస్ మీద ఉంది, పీసీ ఆగినప్పుడు మానిటర్ మాత్రం శుభ్రంగా వెలుగుతూ నో సిగ్నల్ అని చూపిస్తోంది. యూపీఎస్ కొట్టేసుంటే రెండూ పోవాలి కదా. అయినా నమ్మకం కుదరక నేరుగా గోడ ప్లగ్గుకి పెట్టి చూశా, అదే తంతు.

తర్వాత అందరిలాగే హీట్ అనుకున్నా. క్యాబినెట్ సైడ్ డోర్ తీసేసి పక్కన టేబుల్ ఫ్యాన్ పెట్టా, థర్మల్ పేస్ట్ మార్చా, బ్రష్షుతో దుమ్ము దులిపా. అమ్మ అయితే "ఎప్పుడు చూసినా ఆ డబ్బా విప్పుకుని కూర్చుంటావేంట్రా, అది పనిచేసేది ఎప్పుడు" అని ఒకటే గొడవ. వేడి ఎంతుందో చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో సాఫ్ట్‌వేర్‌లో చూస్తే కార్డు 72 డిగ్రీలు, ప్రాసెసర్ 68. పైగా అప్పటికి డిసెంబర్ వచ్చేసింది, స్వెట్టర్ వేసుకుని ఆడుతున్నా, ఇంకేం హీట్. ఒకవేళ నిజంగా వేడెక్కినా కార్డు ముందు స్పీడు తగ్గించుకుంటుంది, ఫ్రేమ్స్ పడిపోవడం మనకి తెలుస్తుంది, 90 ఎఫ్‌పీఎస్‌లో (సెకనుకి 90 ఫ్రేమ్స్) ఉండగా నేరుగా ఊపిరి వదిలేయదు.

విండోస్ లాగ్ చూపించే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 అని ఎర్ర గుర్తులు వరసగా ఉన్నాయి. దాని కోసం విండోస్ రెండుసార్లు ఇన్‌స్టాల్ చేశా, డ్రైవర్లు మార్చా, అంతా దండగ. ఆ 41 అంటే పోయినసారి సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగింది అని చెప్పడమే, ఎందుకు ఆగిందో దానికీ తెలీదు. వివరాల్లో బగ్‌చెక్ కోడ్ సున్నా ఉంది, అంటే విండోస్ క్రాష్ అయినట్టు కూడా రికార్డు లేదు, మెయిన్ తీసేసినట్టే ఆగింది.

బుర్ర పాడుచేసింది మాత్రం ఫర్‌మార్క్, అంటే కార్డు మీద ఫుల్ లోడ్ పెట్టి పరీక్షించే సాఫ్ట్‌వేర్. అరగంట పెట్టినా నిక్షేపంగా తిరిగింది! దాంతో పవర్ సమస్య కాదని డిసైడ్ అయిపోయా, అదే నేను చేసిన పెద్ద తప్పు. ఫర్‌మార్క్ లోడ్ ఒకే తీరుగా ఉంటుంది, గేమ్‌లో అలా కాదు, లోడింగ్ స్క్రీన్‌లో కిందకి పడి, సీన్ రాగానే ఒక్కసారి పైకి లేస్తుంది, ఆ లేచే క్షణంలో కార్డు కొన్ని మిల్లీసెకన్ల పాటు 220 దాటి చాలా పైకి లాగుతుంది. మనం చూసే సాఫ్ట్‌వేర్ రెండు సెకన్లకోసారి రీడింగ్ తీస్తుంది, దానికి ఇవి కనపడవు, లోడ్ మితిమీరితే ఆపేయడానికి ఎస్ఎంపీఎస్‌లో ఉండే ప్రొటెక్షన్‌కి మాత్రం బాగా కనపడతాయి.

షాపుకి తీసుకెళ్తే ఆ కుర్రాడు మదర్‌బోర్డుకి వెళ్లే 24 పిన్ కనెక్టర్‌లో పచ్చ వైరుని నల్ల వైరుతో కలిపి ఎస్ఎంపీఎస్‌ని విడిగా ఆన్ చేశాడు, ఫ్యాన్ తిరిగింది, "ఎస్ఎంపీఎస్ ఓకే సార్, బోర్డు పోయినట్టుంది" అన్నాడు. లోడే లేకుండా ఫ్యాన్ తిరిగితే ఓకే అయిపోతుందా? బండి స్టాండ్ మీద స్టార్ట్ అయింది కదా అని శ్రీశైలం ఘాట్ ఎక్కుతుందని రాసిచ్చినట్టుంది. బోర్డు మార్చకుండా వచ్చేయడం నా అదృష్టం.

అసలు క్లూ మొదటి రోజు నుంచీ నా కళ్ల ముందే ఉంది. ఆగిపోయాక ముందువైపు బటన్ ఎన్నిసార్లు నొక్కినా ఉలుకూ పలుకూ ఉండేది కాదు, వెనక ఎస్ఎంపీఎస్ స్విచ్ ఆపి పది సెకన్లు ఆగి వేస్తేనే లేచేది. ఓవర్ లోడ్ ప్రొటెక్షన్ పడితే చాలా ఎస్ఎంపీఎస్‌లు అలాగే లాక్ అయిపోతాయి. నేనేమో రోజూ వంగి ఆ స్విచ్ వేసుకుంటూ నడుం నొప్పి గురించి ఆలోచించా గానీ దాని గురించి ఆలోచించలా.

అది తట్టాక రుజువు చేయడం తేలికే అయింది. కార్డు సెట్టింగులు మార్చే ఆఫ్టర్‌బర్నర్ సాఫ్ట్‌వేర్‌లో పవర్ లిమిట్ 70 శాతానికి దించి అదే సేవ్, అదే వీధి, నాలుగు రోజులు ఆడా, ఒక్కసారీ ఆగలేదు. మళ్లీ 100 పెట్టా, ఇరవై నిమిషాల్లో ఠక్. తర్వాత బావమరిది ఎస్ఎంపీఎస్ ఒక శనివారం అప్పు తెచ్చి, దాని వైర్లతో సహా మార్చి చూశా, సమస్య మాయం. వైర్లతో సహా అని ఎందుకంటున్నానంటే మాడ్యులర్, అంటే వైర్లు ఊడదీసే వీలున్న వాటిలో ఎస్ఎంపీఎస్ వైపు పిన్నులు కంపెనీ కంపెనీకి వేరేగా ఉంటాయి, దూరింది కదా అని పాత వైరు పెడితే హార్డ్ డిస్క్‌కో బోర్డుకో నూకలు చెల్లినట్టే.

పాతది బయటికి తీసి లేబుల్ చదివితే నవ్వొచ్చింది. పైన పెద్దక్షరాలతో 550, కింద పట్టీలో 12 వోల్టుల దగ్గర 36 ఆంప్స్. గుణిస్తే 432 వాట్లు. కార్డూ ప్రాసెసరూ బతికేది ఆ 12 వోల్టుల లైను మీదే, మిగతావన్నీ కలిపి 550 అని బోర్డు కట్టారు. అదీ నాలుగేళ్లు అరిగాక.

సరే, కొత్తది. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో రెండు గంటలు తిరిగి 7,800కి తెచ్చా. 12 వోల్టుల దగ్గర 62 ఆంప్స్, కార్డుకి ఒకే వైరుకి రెండు తలలు కాకుండా రెండు విడి వైర్లు పెట్టా. ఏడాదిన్నరలో లోడ్ వల్ల ఆగింది సున్నా సార్లు. పాతదానితో గేమ్‌లో 11.5 దాకా జారే వోల్టేజీ ఇప్పుడు 12 దగ్గరే కూర్చుంటోంది, బోర్డు సెన్సర్ చెప్పే అంకె పూర్తిగా నమ్మలేం గానీ తేడా మాత్రం తెలుస్తోంది. తక్కువ లోడ్‌లో ఫ్యాన్ అసలు తిరగదు, మొదటి వారం పాడైందేమో అని రెండుసార్లు టార్చ్ వేసి చూశా.

నచ్చనివీ ఉన్నాయి. వైర్లు కొయ్యబారినట్టు గట్టిగా ఉంటాయి, వెనక డోర్ మూయడానికి మోకాలు పెట్టాల్సొచ్చింది. గేమ్ మెనూలో ఎఫ్‌పీఎస్ మూడొందలు దాటితే కీచుమని సన్నగా గోల, లిమిట్ పెడితే తగ్గింది, అది దీనిదో కార్డుదో ఇప్పటికీ తేల్చలేకపోయా. గోల్డ్ అని రాసుంటే క్వాలిటీ అనుకోవద్దు, అది కరెంటు ఎంత వృథా అవుతుందో చెప్పే గుర్తు మాత్రమే, నేను కొన్నది ఏడేళ్ల వారంటీ చూసి.

యూపీఎస్ ఇప్పుడు వైఫై రౌటర్‌కి పెట్టా. మొన్న మేలో ఒక రాత్రి గేమ్ మధ్యలో మళ్లీ ఠక్‌మని ఆగింది, గుండె జారిపోయింది, అలవాటు కొద్దీ వంగి వెనక స్విచ్ కూడా ఆపేశా. తర్వాత చూస్తే ఇంట్లో ఫ్యానూ తిరగట్లేదు, వీధి వీధంతా కరెంటు పోయింది.