చేపల సింకు: మూత కింద దాచాలా, షట్టర్ వెనకా?

మా వంటగది పని పూర్తయిన దగ్గర్నుంచి ఇంటికొచ్చిన వాళ్లందరూ అడిగేది ఒకటే, "రెండో సింకు ఎక్కడ దాచారు?" అని. మాది విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో పాత ఫ్లాటు. అత్తయ్యగారు నీచు ముట్టరు. మిగతావాళ్లకి ఆదివారం కోనామో రొయ్యలో ఉండాల్సిందే. అందుకే చేపలకు వేరే సింకు, అదీ పని లేనప్పుడు కంటికి కనపడకుండా.

గట్టులోనే దించి పైన మూత వేసుకోవచ్చు, లేదా లోతైన కప్‌బోర్డులో పెట్టి షట్టర్ దించుకోవచ్చు. సొరుగులా లాగే రకం కూడా ఉంది గానీ, దాని ముడతల పైపులో పొలుసులు ఇరుక్కుంటే తీయలేం. దాని జోలికి పోలేదు.

మూత వేస్తే గట్టంతా కలిసొస్తుంది. చిన్న వంటగదిలో అది పెద్ద లాభమే. కాకపోతే 15 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల పొడవు, 20 మి.మీ. మందం ఉన్న గ్రానైట్ పలక 9 కిలోలు దాటుతుంది. చెక్కదైతే తేలికే కానీ, మన ఊరి గాలికి ఉబ్బి బిగుసుకుపోతుంది. కొళాయి కూడా మడిచే రకమే కొనాలి.

నన్ను ఆపింది మాత్రం తడి. చేపల్ని కల్లుప్పు, పసుపు వేసి రుద్ది కడుగుతాం కదా. ఎంత కడిగినా జాలీ అంచుల్లో ఆ ఉప్పునీళ్లు కాస్త నిలుస్తాయి. లాసన్స్ బే కాలనీలో మా ఆడపడుచుది మూత సింకే. ఒకరోజు మూత తీస్తే గుప్పున వాసన, జాలీ చుట్టూ టీ చిందినట్టు గోధుమరంగు చుక్కలు. "స్టీలుకి తుప్పేంటి వదినా!" అంది. స్టీలును కాపాడేది దానిమీద ఉండే పలుచని క్రోమియం ఆక్సైడ్ పొర. ఉప్పు దాన్ని తినేస్తుంటే, మళ్లీ ఏర్పడటానికి గాలి తగలాలి. తడి ఆరకుండా మూత పెట్టేస్తే ఆ గాలే అందదు. మాలిబ్డినం అనే లోహం కలిసిన 316 గ్రేడు స్టీలు, మామూలుగా సింకులకి వాడే 304 గ్రేడు కంటే ఉప్పుకి బాగా తట్టుకుంటుంది, ధర మాత్రం ఎక్కువ.

అందుకే మేం షట్టర్‌కే వెళ్లాం. రెండడుగుల గట్టు పోయింది, నిజమే. కానీ మామూలు కొళాయే సరిపోయింది, లోపల మూడువైపులా టైల్స్ వేయించాం. చేపలు కడిగిన రాత్రి షట్టర్ సగం ఎత్తి వదిలేస్తాను. తెల్లారేసరికి సింకు పొడిగా ఉంటుంది, అప్పుడు దించేస్తాను.

ఏది పెట్టుకున్నా కింద ట్రాప్‌లో, అంటే పైపు వంపులో, నీళ్లుండాలి. డ్రైనేజీ వాసనను, బొద్దింకలను ఆపేది అవే. కార్తీకమాసమంతా మా ఇంట్లో నీచు వండం, ఆ సింకు వాడం. అలా వదిలేస్తే ట్రాప్ ఎండిపోవచ్చు. అందుకని వారానికో చెంబు నీళ్లు పోస్తాను. సోమవారం దీపం పెట్టగానే "ఆ సింకులో నీళ్లు పోశావా అమ్మా?" అని అత్తయ్యగారే గుర్తుచేస్తారు.