జూన్‌లో గోకర్ణం టూర్ ప్యాకేజీ కొనబోయే అనంతపురం వారికి హెచ్చరిక

అనంతపురం ఎండకు తాళలేక, బడులు తెరిచేలోపు పిల్లలను ఎక్కడికైనా తీసుకువెళ్లాలని చూసేవారికి ఈ రోజుల్లో ఊళ్లో చౌకగా అమ్ముతున్న సరుకు ఒకటుంది: కొండలూ సముద్రమూ ఆనుకుని ఉండే కర్ణాటక తీరానికి, అంటే గోకర్ణం, యాణ, మురుడేశ్వరం వైపు నాలుగు రోజుల యాత్ర. కిందటి ఏడాది దాన్ని నేను కొన్నాను. మా కుటుంబమూ, మా బావమరిది కుటుంబమూ కలిపి పెద్దలం నలుగురం, పిల్లలు ముగ్గురు. మొత్తం 62,000 రూపాయలకు మాట్లాడుకుని, అందులో 45,000 ముందే చెల్లించాను. నా ఫిర్యాదు విచారణలో ఉన్నందున ఆ ఏజెంటు పేరు ఇక్కడ రాయడం లేదు. పేరు కన్నా అతడు అమ్మినదేమిటో తెలియడం ముఖ్యం.

మాకు చూపించిన కాగితంలో మురుడేశ్వరం నుంచి పడవలో నేత్రాణి ద్వీపానికి వెళ్లి స్కూబా డైవింగ్ (గాలి సిలిండరుతో నీటి అడుగున ఈత), గోకర్ణం బీచ్‌ల మధ్య పడవ షికారు, గైడ్‌తో కుడ్లే నుంచి ప్యారడైజ్ బీచ్ దాకా కొండ దారిలో నడక, సముద్రానికి ఎదురుగా గది అని ఉన్నాయి. ప్రయాణం జూన్ రెండో వారం. వానల సంగతి నేను అడగకపోలేదు. "ఏం గాదు సార్, వానలో ఇంకా బాగుంటాది" అన్నాడు. వేరుశనగ రైతు ఇంట్లో పుట్టినవాణ్ణి కనుక, వాన అనే మాటకు నాకు భయం కలగలేదు, సంతోషమే కలిగింది. మన జిల్లాలో ఏడాది పొడవునా కురిసేది దాదాపు 550 మిల్లీమీటర్లు. ఆ తీరంలో 3,000 మిల్లీమీటర్లకు పైగా కురుస్తుంది, అందులో అత్యధిక భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే పడుతుంది. ఈ తేడా మనకు తెలియకపోవడమే అతడి వ్యాపారానికి పెట్టుబడి అని నాకు అక్కడికి వెళ్లాకనే అర్థమైంది.

నేత్రాణి పడవలు వానాకాలమంతా నడవవు, స్కూబా ఉండదు. పశ్చిమ తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 వరకు మరపడవల చేపల వేటకే నిషేధం ఉంటుంది. వేటే వృత్తిగా బతికేవారు పడవలను ఒడ్డుకు చేర్చుకున్న రోజుల్లో మన పిల్లలను షికారుకు తీసుకువెళ్లే పడవ ఎక్కడి నుంచి వస్తుంది? గోకర్ణంలోని ఓం బీచ్‌లో ఇసుకలో పాతిన ఎర్ర జెండా గాలికి కర్రతో సహా వంగిపోతోంది. పక్కనే ఉన్న కన్నడ బోర్డును, రాయదుర్గంలో పెరిగిన నా భార్య చదివి, ఈత నిషేధమని చెప్పింది. డబ్బు తీసుకున్నవాడు చెప్పవలసిన మాటను ఆమె బోర్డు చూసి చెప్పవలసి వచ్చింది. సముద్రంలోకి దిగే మాట అటుంచి, అలలు బండలను కొడుతుంటే మెట్ల మీద నిలబడిన మాపైకి తుంపర వచ్చి పడింది.

గైడ్ పేరుతో వచ్చినవాడు లాడ్జిలో దుప్పట్లు మార్చే కుర్రవాడు. ఓం బీచ్ దాటాక దారి కొండ అంచున సాగుతుంది. ఒకవైపు పొదలు, ఇంకొకవైపు కిందికి బండలూ సముద్రమూ. అక్కడి ఎర్రటి చిల్లుల రాయి ఎండలో ఎలా ఉంటుందో గానీ, వానకు పాచి పట్టి సబ్బు బిళ్లలా ఉంది. మా బావమరిది జారి మోకాలు కొట్టుకున్నాడు. పొద పట్టుకోవడం వల్ల ఆగాడు, లేకపోతే నేను ఇప్పుడు ఇంకో రకంగా రాయవలసి వచ్చేది. అక్కడి నుంచే వెనుదిరిగాము. యాణలో 120 మీటర్ల ఎత్తున నల్లగా నిలబడిన భైరవేశ్వర శిఖరాన్ని చూడగలిగాము, జలగలను కూడా చూశాము. సముద్రానికి ఎదురుగా ఉన్న గది కిటికీ తెరిస్తే జనరేటర్ గోడ కనిపించింది; దాని గురించి ఇంతకన్నా రాయను.

వాహనం విషయం మాత్రం వివరంగా చెప్పాలి. టెంపో ట్రావెలర్ అని చెప్పి, తెల్ల నంబరు ప్లేటు ఉన్న సొంత కారును పంపారు. బళ్లారి దాటుతుండగా డ్రైవరు వెనక్కి తిరిగి, "ఎవరైనా ఆపి అడిగితే అందరమూ బంధువులమని చెప్పండి సార్" అన్నాడు. సొంత వాడకానికి రిజిస్టరైన బండిని కిరాయికి తిప్పడం పర్మిట్ నిబంధనలకూ ఇన్సూరెన్స్ పాలసీకీ విరుద్ధం. ప్రమాదం జరిగితే పరిహారం దగ్గర కంపెనీ పేచీ పెట్టడానికి అదొక్కటి చాలు. పైగా అది ఎటువంటి దారి? ఎల్లాపురం దాటాక అరబైల్ ఘాట్ దిగాలి. అంకోలా నుంచి గోకర్ణం వైపు వెళ్తుంటే శిరూరు వస్తుంది. 2024 జూలై 16న అక్కడ కొండచరియ 66వ నంబరు జాతీయ రహదారిపై విరుచుకుపడి, రోడ్డు పక్కనున్న టీ కొట్టునూ వాహనాలనూ గంగావళి నదిలోకి నెట్టివేసింది. ఒక లారీని రెండు నెలలు దాటాక నదిలో నుంచి తీశారు. ఆ చోటు దాటేటప్పుడు కారులో ఎవరమూ మాట్లాడలేదు.

తిరిగి వచ్చాక డబ్బు అడిగితే, ఏజెంటు గులాబీ రంగు రసీదు వెనక్కి తిప్పి "అడ్వాన్సు వాపసు ఇవ్వబడదు" అన్న వాక్యంపై వేలు పెట్టి చూపించాడు. ఆ రసీదు ముందు వైపు "టూర్ అడ్వాన్స్" అన్న రెండు మాటలూ అంకెలూ తప్ప తేదీలు లేవు, ఏమేమి చూపిస్తారో లేదు. యూపీఐలో నేను పంపిన డబ్బు సంస్థ ఖాతాకు కాక ఒక వ్యక్తి ఖాతాకు వెళ్లింది. ఇక్కడ నా తప్పు కూడా ఉంది, ఒప్పుకుంటున్నాను.

అయితే ఆ ఒక్క వాక్యం చూసి ఊరుకోనవసరం లేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమూ, లోపమున్న సేవకు తీసుకున్న డబ్బు తిరిగి ఇవ్వకపోవడమూ అనుచిత వ్యాపార పద్ధతుల కిందికే వస్తాయి. మనం నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే, రెండేళ్ల లోపు ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. నేను మొదట వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేశాను, తరువాత రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపాను, జవాబు రాకపోవడంతో కమిషన్‌కు వెళ్లాను. వాట్సాప్‌లో వచ్చిన ప్యాకేజీ కాగితాన్ని నా భార్య చెరపకుండా ఉంచడం వల్ల ఈపాటి ఆధారమైనా మిగిలింది.

వెళ్లాలనుకునేవారు అక్టోబరు తరువాత, ఫిబ్రవరి లోపు వెళ్లండి. ఆ తీరం నిజంగా చూడదగినది, దానిపై నాకు కోపం లేదు. డబ్బు ఇచ్చే ముందు, ఆ తేదీల్లో పడవలు నడుస్తాయా అని ఏజెంటును కాక మురుడేశ్వరంలో డైవింగ్ నడిపేవారికే ఫోన్ చేసి అడగండి. బండి నంబరు ముందే తెప్పించుకుని పసుపు ప్లేటు అవునో కాదో చూడండి. వానకు ఏదైనా రద్దయితే ఎంత తిరిగి ఇస్తారో రసీదు మీదనే రాయించండి; రాయడానికి వెనుకాడితే అక్కడి నుంచి లేచి రండి.

ఈ వారం ఆ ఏజెంటు అంగడి ముందు నుంచి వెళ్తుంటే కొత్త ఫ్లెక్సీ కనిపించింది. నీలి నీళ్లలో చేపల మధ్య ఈదుతున్న మనిషి బొమ్మ, దాని కింద "జూన్ స్పెషల్, తలకు 7,999 మాత్రమే" అని ఉంది.