పాయింట్ రేయెస్: లైట్‌హౌస్ ఒక్కటే చూసి వచ్చేయకండి

కాలిఫోర్నియాలో సముద్రం ఒడ్డునున్న ఈ పాయింట్ రేయెస్ పార్క్ కి 5 కి 5 స్టార్లు ఇస్తున్నా. రోడ్డు గతుకులు, సిగ్నల్ ఉండదు, తినడానికి ఏమీ దొరకదు, గాలికి చెవులు పోటెత్తుతాయి, అయినా 5 కి 5 ఎందుకో చెప్తా, కొంచెం పెద్దగానే రాస్తున్నా, వెళ్ళే ఆలోచన ఉన్నవాళ్ళు ఓపిగ్గా చదవండి.

మేం ఫ్రీమాంట్ లో ఉంటాం. వైజాగ్ నుంచి అమ్మానాన్న వచ్చినప్పుడల్లా గోల్డెన్ గేట్, లివర్మోర్ గుడి, అవుట్‌లెట్ మాల్, ఇదే రౌండు. ఈసారి డిసెంబర్లో వచ్చినప్పుడు నాన్న, "జనం లేని సముద్రం ఎక్కడైనా ఉందా అమ్మా" అని అడిగారు. ఆయన సర్వీసంతా పోర్టులోనే, పొద్దున లేస్తే ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ. అందుకని జనవరి చివర్లో ఒక శనివారం పాయింట్ రేయెస్ తీసుకెళ్ళా.

నిజానికి అంతకు రెండేళ్ళ ముందు నేనూ మా ఆయనా ఒకసారి వెళ్ళాం, టూర్ వ్యాన్ బుక్ చేసుకుని. వాళ్ళ పేరు ఇక్కడ రాయను గానీ మనిషికి బాగానే తీసుకుని లైట్‌హౌస్ దగ్గర దింపి నలభై నిమిషాలు టైమ్ ఇచ్చారు, పార్కింగ్ నుంచి నడవడానికీ మెట్లు దిగి ఎక్కడానికే అది సరిపోయింది, ఆయాసపడుతూ వచ్చి వ్యాన్ ఎక్కాం. అక్కడికి కార్లో కొద్ది నిమిషాల దూరంలోనే ఏనుగంత సీల్స్ (సముద్రపు జంతువులు) పడుకుని ఉన్నాయని మాకు ఎవరూ చెప్పలేదు. ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం అదే. చాలామంది లైట్‌హౌస్ ఫోటో తీసుకుని తిరిగొచ్చేస్తారు.

ముందు ఆ చోటు గురించి. శాన్ ఫ్రాన్సిస్కోకి ఉత్తరాన ఒక కొండ పది మైళ్ళ దాకా సముద్రంలోకి పొడుచుకొచ్చి ఉంటుంది. "అచ్చం మన యారాడ కొండ లాగే ఉందే" అన్నారు నాన్న దిగగానే, తర్వాత ఒక నిమిషం ఆగి "కాదులే, దీనికి చెట్టూ చేమా లేవు, గాలి గొరిగేసినట్టుంది" అన్నారు. ఆ మాట కరెక్టే, పసిఫిక్ తీరంలో ఇంత గాలి కొట్టే చోటు ఇంకోటి లేదంటారు, పొగమంచులో అయితే ఉత్తర అమెరికా మొత్తం మీద దీనిది రెండో స్థానం అని చెప్తారు. ఇంకో విచిత్రం ఏంటంటే ఈ భూమి ఇక్కడిది కాదు. శాన్ ఆండ్రియాస్ ఫాల్ట్, అంటే భూమిలో పెద్ద పగులు, ఈ ద్వీపకల్పం పక్కనే వెళ్తుంది, ద్వీపకల్పం ఉన్న వైపు నేల లక్షల ఏళ్ళుగా ఉత్తరానికి జరుగుతూ వస్తోంది, ఇక్కడి గ్రానైట్ కి తోబుట్టువు రాయి ఎక్కడో మూడొందల మైళ్ళు దక్షిణాన టెహాచపి కొండల్లో ఉందట. 1906 భూకంపంలో బేర్ వ్యాలీ దగ్గర కంచె ఒకటి రెండు ముక్కలై పదహారడుగులు పక్కకి జరిగింది, ఎర్త్‌క్వేక్ ట్రైల్ లో ఆ చోటు చూపిస్తారు, చిన్న ట్రైలే, పిల్లలతో ఈజీగా నడవొచ్చు.

లైట్‌హౌస్ 1870 డిసెంబర్ 1న వెలిగింది. లైట్‌హౌస్ అంటే కొండ కొమ్మున ఎత్తుగా ఉంటుందనుకుంటాం కదా, ఇది కొండ పైనుంచి కిందికి దిగితే వస్తుంది. పైన పెడితే ఆ వెలుగు పొగమంచులో కలిసిపోయి ఓడలకి కనపడదని పొగమంచుకి కిందుగా ఉండేలా కట్టారు. అందుకే 313 మెట్లు. దిగడం ఏం లేదు, ఎక్కేటప్పుడు ముప్పై అంతస్తుల బిల్డింగ్ ఎక్కినట్టే. మధ్యమధ్యలో ఆగడానికి చోట్లున్నాయి. నాన్నకి మోకాలు నొప్పి, ఆయన పైన డెక్ దగ్గరే ఉండిపోయారు. లోపల ఫ్రాన్స్ లో చేసిన గాజు లెన్స్ ఉంది, 1867 నాటిది, మనిషి కన్నా ఎత్తు, ఓడలో కేప్ హార్న్ చుట్టూ తిప్పి తెచ్చారు. దాన్ని తిప్పే గడియారం లాంటి మెషీన్ కి రెండు గంటల ఇరవై నిమిషాలకోసారి కీ ఇవ్వాలి, రాత్రంతా. 1906లో ఆ భూకంపానికి లెన్స్ పట్టాల మీంచి జారితే పనివాళ్ళు సరిచేసి ఆ సాయంత్రం మళ్ళీ వెలిగించారు. ఇదంతా పైకొచ్చి నాన్నకి చెప్తే ఆయన మొహం చూడాలి. పోర్టు మనిషికి దీపం విలువ తెలుసు.

గాలి గంటకి నలభై మైళ్ళు దాటితే మెట్ల దారి మూసేస్తారు, వారంలో అన్ని రోజులూ తెరవరు కూడా, పార్క్ వెబ్‌సైట్ చూసుకునే బయల్దేరండి.

నేను కింద లెన్స్ చూస్తున్న టైమ్ లో పైన నాన్న తిమింగలాలు చూసేశారు! గ్రే వేల్స్ అలాస్కా వైపు చల్లటి సముద్రం నుంచి మెక్సికో వైపు బాజా మడుగులకి పిల్లల్ని కనడానికి వెళ్తాయి, జనవరి మధ్యలో ఈ కొమ్ము పక్కనుంచే ఎక్కువగా పోతాయి, మార్చిలో తిరిగొస్తాయి, తల్లీపిల్లలు అందరికన్నా ఆఖరున ఏప్రిల్ చివర్లో, మే మొదట్లో. మొత్తం చేప కనపడుతుందని ఆశపడకండి (చేప కాదనుకోండి, మా అమ్మ అలాగే అంటుంది). నీళ్ళ మీద తెల్లటి ఆవిరి బుస్సున లేస్తుంది, కాసేపాగి ఇంకొంచెం ఎడం పక్కన మళ్ళీ లేస్తుంది, అలా లెక్క పెట్టుకుంటూ పోవడమే. నాన్న పదకొండు లెక్కపెట్టారు. గంటన్నర అక్కడే నిలబడ్డారు, చలికి మఫ్లర్ చుట్టుకుని, మోకాలు నొప్పి మాటే ఎత్తలేదు.

ఇక అసలు సంగతి, చిమ్నీ రాక్ వైపు ఎలిఫెంట్ సీల్స్. లైట్‌హౌస్ రోడ్డులోనే చివర్లో చీలిపోయే ఇంకో చిన్న రోడ్డు. పార్కింగ్ నుంచి ఓవర్‌లుక్ కి పది నిమిషాల నడక కూడా లేదు, మెట్లు లేవు, పెద్దవాళ్ళకి ఇదే బెస్ట్. చేరకముందే చప్పుడు వినపడింది, సైలెన్సర్ ఊడిన బుల్లెట్ బండి ఎవరో స్టార్ట్ చేయలేక కిక్ కొడుతున్నట్టు. అది మగ సీల్ అరుపు. ఒక్కోటి పదహారు అడుగుల దాకా ఉంటుంది, రెండు టన్నుల పైమాటే, ముక్కు తొండంలా వేలాడుతుంది. రెండు మగవి గుండెలు ఎత్తి ఒకదాన్నొకటి గుద్దుకుంటుంటే ఇసుక అదిరింది, మేం అంత పైన ఉన్నా మా బాబు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

నూనె కోసం వేటాడి వీటిని దాదాపు లేకుండా చేశారు ఒకప్పుడు. నూట యాభై ఏళ్ళకి పైగా ఇక్కడ ఒక్కటి కూడా లేదు. 1981లో ఈ చిమ్నీ రాక్ దగ్గరే మళ్ళీ ఒక జంట పిల్లని కన్నట్టు చూశారు, ఇప్పుడు శీతాకాలం వస్తే ఇసుక కనపడనంత. 2018 డిసెంబర్లో గవర్నమెంట్ షట్‌డౌన్ అయ్యి (నిధులు ఆగి ఆఫీసులు మూతపడి) 35 రోజులు పార్క్ లో స్టాఫ్ లేనప్పుడు ఇవి డ్రేక్స్ బీచ్ మొత్తం ఆక్రమించేసి, పార్కింగ్ దాకా వచ్చి పిల్లల్ని కూడా కనేశాయి, స్టాఫ్ తిరిగొచ్చాక వాటిని వెళ్ళగొట్టకుండా బీచే మూసేశారు. ఆ నిర్ణయం తీసుకున్నవాళ్ళకి నా నమస్కారం.

అక్కడ వాలంటీర్ ఒకావిడ, డెబ్భై ఏళ్ళుంటాయేమో, టెలిస్కోప్ పెట్టుకుని అందరికీ చూపిస్తోంది. ఆవిడ చెప్పింది నేను అమ్మకి తెలుగులో చెప్పా. తల్లి పిల్లని కన్నాక ఇంచుమించు నాలుగు వారాలు పాలిస్తుంది, ఆ నాలుగు వారాలూ ఏమీ తినదు, సముద్రంలోకి దిగనే దిగదు, ఒంట్లో మూడో వంతు బరువు కరిగిపోతుంది. పుట్టినప్పుడు ముప్పై నాలుగు కేజీలున్న పిల్ల నెల తిరక్కుండా నూరు కేజీలు దాటుతుంది. తర్వాత ఒకరోజు తల్లి సముద్రంలోకి వెళ్ళిపోతుంది, మళ్ళీ పిల్ల దగ్గరికి రాదు. పిల్లలన్నీ గుంపుగా ఒడ్డున మిగిలిపోయి రెండు నెలలకి పైగా ఆ కొవ్వు మీదే బతుకుతూ, ఎవరూ నేర్పకుండానే ఈత నేర్చుకుని వెళ్ళిపోతాయి. అమ్మ విని "బాలింతరాలు నెలరోజులు పస్తుండి పాలివ్వడమా" అని నోటి మీద చెయ్యేసుకుంది. ఆ తర్వాత చాలాసేపు ఒక్క తల్లీపిల్లనే చూస్తూ కూర్చుంది, కాకుల్లా గల్స్ (సముద్రపు పక్షులు) దగ్గరికొస్తే తల్లి మెడ ఎత్తి కసురుతోంది, పిల్ల అటు తిరిగి నిద్రపోతోంది. పులిహోర డబ్బా తీయమంటే "ఉండవే" అంది.

జూన్ లో నేను ఒక్కదాన్నే మళ్ళీ వెళ్ళా, పక్షుల కోసం. లైట్‌హౌస్ కింద రాళ్ళ మీద కామన్ మర్ అనే నలుపు తెలుపు పక్షులు వేలల్లో, భుజం భుజం తగులుతూ నిలబడి ఉంటాయి. గూడు కట్టవు, వట్టి రాతి మీదే గుడ్డు పెడతాయి, ఒక్కో గుడ్డు రంగు, గీతలు ఒక్కోలా ఉంటాయి. పిల్ల మూడు వారాలకే, ఎగరడం రాకముందే, కొండ మీంచి సముద్రంలోకి దూకేస్తుంది, దాంతో పాటు నీళ్ళలో ఉండి వారాల తరబడి పెంచేది తండ్రి! ఆ దూకడం నేను చూడలేదు, సాయంత్రం చీకటి పడుతుంటే దూకుతాయట, అప్పటికి దారి మూసేస్తారు. కంపు మాత్రం గట్టిగా ఉంటుంది, గాలి మీ వైపు ఉంటే ముక్కుకి గుడ్డ కట్టుకోండి.

ట్యూల్ ఎల్క్ గురించి రెండు ముక్కలు. మన కణుజు జింకకి చుట్టం అనుకోండి. 1978లో పదింటిని తెచ్చి టొమాలెస్ పాయింట్ లో వదిలారు, ఇప్పుడు మందలు మందలు. ఆగస్టు నుంచి మగవాటి కేక వినడానికి వెళ్ళాలి, అది ఇంకో రోజు పని, అటు రోడ్డు వేరు, లైట్‌హౌస్ తో కలిపి పెట్టుకోవద్దు.

వెళ్ళేవాళ్ళకి: ఎంట్రీ ఫీజు లేదు. ఇన్వర్నెస్ ఊరు దాటాక సిగ్నల్ పోతుంది, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, పెట్రోల్ పాయింట్ రేయెస్ స్టేషన్ అనే ఊళ్ళోనే కొట్టించండి, అక్కడినుంచి లైట్‌హౌస్ కి ఇంకో ముప్పావు గంట. తిండి ఇంటినుంచే, మేం పులిహోర, పెరుగన్నం, ఫ్లాస్క్ లో టీ తీసుకెళ్ళాం. ఎండ ఉందని స్వెటర్ ఇంట్లో వదిలేయొద్దు, శాన్ రఫేల్ లో ఎండ, ఇక్కడ ఈదురుగాలి. బీచ్ లో అలలకి వీపు పెట్టి నిలబడొద్దు, ఉన్నట్టుండి పెద్ద అల వచ్చి లాగేస్తుంది, పిల్లల్ని అస్సలు నీళ్ళలోకి వదలకండి. బైనాక్యులర్స్ లేకపోతే అడిగి తెచ్చుకోండి, అవి లేకుండా సగం కనపడదు. డ్రోన్ ఎగరేయకూడదు, మేం ఉన్నప్పుడు ఒకబ్బాయి బ్యాగ్ లోంచి తీశాడు, ఆ వాలంటీరావిడ మర్యాదగానే ఆపింది. దయచేసి మనవాళ్ళెవరూ ఆ పని చేయొద్దు, సెల్ఫీ కోసం తాడు దాటొద్దు, అక్కడ బాలింతలున్నారు.

అమ్మానాన్న ఫిబ్రవరిలో వైజాగ్ వెళ్ళిపోయారు. ప్రతి ఆదివారం వీడియో కాల్ లో మనవడి చదువు సంగతి అడిగాక అమ్మ అడిగేది ఒకటే, "ఆ పిల్లలు ఈతకి దిగాయా?" అని. ఏప్రిల్ లో ఒకసారి అందుకోసమే వెళ్ళా. ఓవర్‌లుక్ కింద ఇసుక చాలావరకు ఖాళీ, చివర్లో నాలుగు పిల్లలు, ఒకటి అల అంచున మొహం ముంచి తీస్తోంది, ముంచి తీస్తోంది. అరగంట వీడియో తీసి పంపా.