తలసీమియా పిల్లలకు వంతుల వారీగా రక్తం: హన్మకొండ బృందంతో నా అనుభవం

వడ్డేపల్లిలో నాకు టైలరింగ్ షాపు ఉంది. తలసీమియా అంటే ఒంట్లో రక్తం సరిగ్గా తయారుకాని, తల్లిదండ్రుల నుంచి వచ్చే జబ్బు. ఆ జబ్బున్న పిల్లలకు హన్మకొండలో రక్తదాతలను కుదిర్చే ఒక చిన్న బృందంలో నేను దాతని. షాపులో గిరాకీ లేని వేళ దాతలకు ఫోన్లు చేసే పని కూడా చూస్తాను. చేరాలనుకునేవాళ్లు నన్ను తరచూ అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను.

ఈ బృందం పెద్ద క్యాంపులు పెట్టదు. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. ఎవరి పుట్టినరోజుకో టెంటు వేసి ఒకే రోజు వంద మంది దగ్గర రక్తం తీసుకుంటే, అందులోని ఎర్రకణాలు ఎంత జాగ్రత్తగా దాచినా 42 రోజులకు మించి పనికిరావు. ఇచ్చిన మగవాళ్లు మళ్లీ 90 రోజుల దాకా, ఆడవాళ్లు 120 రోజుల దాకా ఇవ్వకూడదు. పిల్లలకేమో రెండు నుంచి నాలుగు వారాలకోసారి ఎక్కించాల్సిందే. మే నెలలో నిట్, కాకతీయ యూనివర్సిటీ హాస్టళ్లు ఖాళీ అయితే దాతలూ ఊళ్లకు పోతారు. తలసీమియా పిల్లలకు రక్తం ఇచ్చేటప్పుడు, దానికి బదులు ఇంకొకరి చేత రక్తం ఇప్పించమని అడగకూడదని నిబంధన ఉంది, కానీ నిల్వే లేనప్పుడు తల్లి ఎవరి దగ్గరికి పోవాలి? అందుకే ఈ బృందం ఒక్కో బిడ్డ పేరు కింద ఏడెనిమిది మంది దాతలను రాసుకుని వంతులు వేస్తుంది. "అక్కా, వచ్చే వారం మీ వంతు, వీలైతదా?" అని ముందే ఫోన్ వస్తుంది.

ఏటూరునాగారం వైపు నుంచి ఒకామె పాపను తీసుకుని తెల్లవారకముందే బస్సెక్కి వస్తుంది. ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి బస్సు ఖర్చు తప్పింది. "కూలి పోతే పోయింది, రక్తం ఉందని తెలిస్తే చాలు" అంటుంది. ఆమె వచ్చేసరికి రక్తం సిద్ధంగా ఉంటే సాయంత్రం బస్సుకు ఇంటికి చేరుతుంది. లేకపోతే రాత్రి ఆసుపత్రి వరండాలోనే.

రక్తం ఇవ్వాలంటే హిమోగ్లోబిన్ కనీసం 12.5 గ్రాములు ఉండాలి. నాకు మొదటిసారి అంత లేదని వెనక్కి పంపారు. మొహమాటపడకుండా పంపడం నాకు నమ్మకం కలిగించింది. పిల్లల ఫోటోలు తీసి ఎక్కడా పెట్టరు. ఇది కూడా మంచి పద్ధతి.

లోపాలూ ఉన్నాయి. దాత దొరికాక కూడా పాత వాట్సాప్ మెసేజ్ తిరుగుతూనే ఉంటుంది, జనం అనవసరంగా టెన్షన్ పడతారు. తేదీ, సమయం వేసి, పని అయిపోగానే "అందింది" అని పెట్టాలి. ఇంకొకటి మరీ ముఖ్యం. పెళ్లికాని యువతీయువకులు ఇంతమంది వస్తారు కదా, వాళ్లకు హెచ్‌బీఏ2 పరీక్ష (తలసీమియా క్యారియరా కాదా అని తేల్చే రక్తపరీక్ష) గురించి ఒక్క మాట చెప్పరు. క్యారియర్ అంటే తనకు జబ్బు లేకపోయినా పిల్లలకు అందించగలిగే మనిషి. భార్యాభర్తలిద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ఈ సంగతి బృందం వాళ్లతో గట్టిగానే మాట్లాడాను. చెప్పడం మొదలుపెడతామన్నారు, నేను అడుగుతూనే ఉంటాను.

18 ఏళ్లు నిండి, 45 కిలోలకు తగ్గకుండా ఉంటే పేరు ఇవ్వండి. ఉదయం తిని రండి. ఏప్రిల్, మే నెలల్లో ఊళ్లోనే ఉండేవాళ్లు ఆ మాట ముందే చెప్పండి, మీ పేరు ఆ నెలలకే రాస్తారు. నెగెటివ్ గ్రూపుల వాళ్ల కోసం ఇప్పుడు కూడా వెతుకుతున్నాం.