కాగే నూనెనా, కరిగిన గంధకమా?

భాగవతం పంచమ స్కంధంలో 28 నరకాల జాబితా ఉంది. అందులో కుంభీపాకం, ప్రాణమున్న పశుపక్ష్యాదులను వండుకున్నవారిని కాగే నూనెలో వేసే చోటు. బైబిల్ ప్రకటన గ్రంథం చెప్పేది అగ్నిగంధకాలతో మండే గుండం. ఎంచుకోమంటే ఏది మేలు?

వేడిని బట్టి తేల్చడం కష్టం. గంధకం 115 డిగ్రీల దగ్గర కరుగుతుంది, 445 దగ్గర మరిగి ఆవిరవుతుంది. నరకంలోనూ గాలి పీడనం మన ఊళ్లో లాంటిదే అనుకుంటే, గుండం ఆ రెండింటి మధ్యే ఉండాలి. గారెలు వేగే నూనె సుమారు 180. పెద్ద తేడా ఏముంది?

అసలు కిటుకు సాంద్రతలో ఉంది. నూనె నీటికన్నా తేలిక, పడ్డవాడు బుడుంగున మునుగుతాడు. కరిగిన గంధకం నీటికి దాదాపు 1.8 రెట్లు బరువు. అందులో పాపి సగం పైకే తేలుతూ పక్కవాడితో కబుర్లాడుకోవచ్చు! కాకపోతే 160 డిగ్రీలు దాటగానే గంధకం ముదురు పాకంలా చిక్కబడుతుంది, ఈది ఒడ్డు చేరే ఆశ వదులుకోవాల్సిందే. పైగా మండే గంధకపు ఘాటు. అగ్గిపుల్ల గీసినప్పుడు వచ్చే ఆ కాస్త పొగకే నాకు దగ్గు.

నూనెకూ ఇబ్బంది ఉంది: మరిగి మరిగి బజ్జీల బండి మూకుడులా నల్లబడుతుంది. మార్చే ఖర్చు యముడిదే అనుకుంటాను. అయినా నా ఓటు కుంభీపాకానికే. అక్కడ పాపఫలం తీరాక బయటికి పంపేస్తారు.