రిమోట్‌లోని ఎన్/పి బటన్: ఒక డీవీడీ ప్లేయర్‌తో పదిహేనేళ్లు

మా డీవీడీ ప్లేయర్‌ను 2009లో గుడివాడలో కొన్నాము. దాని ధర ఎంత, అది ఎన్ని రకాల ఫైళ్లను ఆడిస్తుంది అన్నవి ఇప్పుడు ఎవరికీ పనికివచ్చే సంగతులు కావు కనుక వాటి జోలికి వెళ్లను. ఇన్నేళ్లలో ఈ యంత్రం మీద నాకు కలిగిన ఇష్టమూ, కోపమూ రెండూ రిమోట్‌లో మ్యూట్ బటన్‌కు సరిగ్గా కింద ఉన్న ఒక చిన్న బటన్ వల్లనే కలిగాయి. దాని మీద ‘ఎన్/పి’ అని ఉంటుంది. అలాంటి బటన్ చాలా ప్లేయర్ల రిమోట్లలో ఉన్నా, అది ఎందుకుందో తెలిసినవారు నాకు పెద్దగా కనబడలేదు.

2011లో మా తమ్ముడి కూతురి పెళ్లి డాలస్‌లో జరిగింది. అమ్మ ప్రయాణం చేయగలిగే స్థితిలో లేకపోవడంతో మేమెవరమూ వెళ్లలేకపోయాము. రెండు నెలల తర్వాత పెళ్లి డిస్కులు వచ్చినప్పుడు, అమెరికా డిస్కులు మన దగ్గర ఆడవని ఇంటికి వచ్చిన ప్రతివారూ చెప్పారు. ఆ మాటలో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయి ఉన్నాయి. కంపెనీలు అమ్మే సినిమా డిస్కులకు రీజియన్ కోడ్, అంటే అవి ఏ ప్రాంతపు ప్లేయర్లలో ఆడాలో చెప్పే అంకె ఉంటుంది. అమెరికాది 1, మనది 5. పెళ్లి వీడియోల వంటి సొంత డిస్కులకు సాధారణంగా ఆ అడ్డంకి ఉండదు. రెండవది టీవీ పద్ధతి. మన దేశంలో 1982లో రంగుల ప్రసారాలు మొదలైనప్పుడు తీసుకున్నది పాల్ పద్ధతి. అందులో తెరకు 625 గీతలు, సెకనుకు 25 ఫ్రేములు, అంటే వెంటవెంటనే చూపే విడి బొమ్మలు. అమెరికా వారి ఎన్.టి.ఎస్.సి. పద్ధతిలో 525 గీతలు, సెకనుకు 30కి కాస్త తక్కువగా ఫ్రేములు ఉంటాయి, రంగును పంపే తీరు కూడా వేరు. మా పాత పిక్చర్ ట్యూబు టీవీకి పాల్ తప్ప మరొకటి తెలియదు.

ఎన్/పిలో ఎన్ అంటే ఎన్.టి.ఎస్.సి., పి అంటే పాల్. నొక్కిన కొద్దీ అది ఎన్.టి.ఎస్.సి., పాల్, ఆటోల మధ్య మారుతుంది. దాన్ని పాల్ మీద ఉంచితే, డిస్కు ఏ పద్ధతిలో ఉన్నా ప్లేయర్ దాన్ని పాల్‌లోకి మార్చి టీవీకి పంపుతుంది. ఆ సాయంత్రం అమ్మ కుర్చీలోంచి లేవకుండా మనవరాలి పెళ్లంతా రంగుల్లో చూసింది. ఆ తర్వాత చాలాకాలం, అమెరికాలో పిల్లలున్న మా బంధువులందరికీ ఈ ప్లేయర్‌నే కొనుక్కోమని చెప్పాను.

2013 సంక్రాంతికి చుట్టాలు వచ్చినప్పుడు అమ్మ ఆ డిస్కే పెట్టమంది. పెట్టగానే బొమ్మ రంగులు లేకుండా నలుపు తెలుపుల్లో వచ్చి, ఆగకుండా పైకి జారిపోతూ ఉంది. మాటలు, మంగళవాయిద్యాలు మాత్రం చక్కగా వినిపిస్తున్నాయి. కేబుల్ ఛానెళ్లు రంగుల్లోనే వస్తున్నాయి కనుక టీవీ చెడిపోలేదనుకున్నాను. మా ఊళ్లోనే తీయించిన అక్క మనవడి అన్నప్రాసన డిస్కు పెడితే అదీ రంగుల్లోనే వచ్చింది కనుక ప్లేయర్ కూడా చెడిపోలేదు. ఇక మిగిలింది డాలస్ డిస్కే. దాన్నీ, ప్లేయర్‌నూ తీసుకుని పక్కింటి మాస్టారి ఇంటికి వెళ్లి వాళ్ల కొత్త టీవీకి తగిలిస్తే, పెళ్లి ఏ లోపమూ లేకుండా కనబడింది. టీవీ, ప్లేయర్, డిస్కు మూడూ విడివిడిగా బాగానే ఉన్నాయి, మా ఇంట్లో మూడూ కలిస్తే మాత్రం బొమ్మ రావడం లేదు. ఎటు నుంచి ఆలోచించాలో రెండు రోజుల పాటు నాకు తోచలేదు.

టీవీలు బాగుచేసే ఆయనను పిలిపిస్తే ప్లేయర్‌లో డిస్కును చదివే లెన్సు బలహీనపడిందనీ, ఇంట్లో రాసిన డిస్కులను అది చదవలేకపోతోందనీ చెప్పి, మార్చడానికి పద్దెనిమిది వందలు అడిగారు. లెన్సు బలహీనపడితే రాసిన డిస్కులు ముందుగా మొరాయిస్తాయన్నది నిజమే. కానీ అప్పుడు బొమ్మ మధ్యలో ఆగిపోతుంది, చదరపు ముక్కలుగా విడిపోతుంది, లేదా డిస్కు లేదనే సందేశం వస్తుంది. రంగు పోయి బొమ్మ పైకి జారడం లెన్సు జబ్బు లక్షణం కాదు. ఈ తేడా ఆనాడు నాకు తెలియకపోయినా, పక్కింట్లో అదే లెన్సు అదే డిస్కును చదివింది కదా అన్న ఒక్క ఆలోచనతో డబ్బు ఇవ్వకుండా ఆగాను.

మళ్లీ మాస్టారి ఇంటికి వెళ్లి ప్లేయర్ తగిలించినప్పుడు, వాళ్ల టీవీ తెర మూలన కొన్ని క్షణాల పాటు ‘ఎన్.టి.ఎస్.సి.’ అనే అక్షరాలు కనబడ్డాయి. వాళ్ల టీవీ రెండు పద్ధతులనూ అందుకోగలదు కనుక అక్కడ బొమ్మ సరిగా వచ్చింది. ఇంటికి తిరిగివచ్చి, మా తెర మీద జారిపోతున్న అక్షరాలను చదవలేకపోయినా ఎన్/పి బటన్‌ను ఒకసారి నొక్కి అయిదు సెకన్లు ఆగాను, మార్పు లేకపోయేసరికి మరోసారి నొక్కాను. రెండోసారికి బొమ్మ నిలబడింది, పెళ్లిపందిట్లోకి రంగులు తిరిగివచ్చాయి. పండగకు ముందెప్పుడో ఫోను మోగినప్పుడు చీకట్లో మ్యూట్ బటన్ కోసం వెతికినవారి వేలు దీని మీద పడి, అది పాల్ నుంచి ఆటోకు మారిపోయి ఉంటుంది. ఆటోలో డిస్కు ఏ పద్ధతిలో ఉంటే టీవీకి అదే వెళుతుంది. అందుకే ఊరి డిస్కు బాగా వచ్చి, డాలస్ డిస్కు రాలేదు.

ఇంత పెద్ద మార్పు చేసే బటన్‌ను రోజూ వాడే బటన్ పక్కన పెట్టడం, డిస్కు ఆడుతుండగా కూడా అది పనిచేసేలా ఉంచడం, ప్లేయర్ ఆపి మళ్లీ వేసినా ఆ మార్పు అలాగే నిలిచిపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయాలు. ట్రే తెరిచి ఉన్నప్పుడే పనిచేసేలా చేసి ఉంటే మాకు ఆ పండగ పాడయ్యేది కాదు. ఆ రోజే దాని మీద చిన్న అట్టముక్క పెట్టి టేపు అంటించాను.

2018లో ఎల్.ఇ.డి. టీవీ కొన్నాక నేను మునుపు చేసిన పొగడ్తను కొంత సవరించుకోవలసివచ్చింది. మొదటిరోజు మళ్లీ రంగులు లేవు, కానీ ఈసారి బొమ్మ జారకుండా నిలకడగా ఉంది. అందుకని ఎన్/పి జోలికి పోకుండా టీవీ వెనక చూశాను. ప్లేయర్ నుంచి బొమ్మను తెచ్చే పసుపుపచ్చ వైరు పెట్టవలసిన రంధ్రమూ, బొమ్మను మూడు వైర్లలో విడగొట్టి పంపే కాంపోనెంట్ పద్ధతికి చెందిన ఆకుపచ్చ రంధ్రమూ ఒకటే. టీవీలో సోర్స్ కాంపోనెంట్ మీద ఉండిపోయింది. దాన్ని ఆ ఒక్క పసుపుపచ్చ వైరుకు సరిపడే ఏవీకి మార్చగానే సరిపోయింది. ఆ టీవీ రెండు పద్ధతులనూ అందుకుంటుంది కనుక ప్లేయర్‌ను ఆటోలో పెట్టి డాలస్ డిస్కు వేశాను. తలంబ్రాల ఘట్టంలో బియ్యం ధారగా జారుతూ పడ్డాయి. ఏడేళ్లుగా అవే తలంబ్రాలు ఆగి ఆగి పడినట్లు కనబడుతుంటే తీసినవారి కెమెరా లోపమనుకున్నాను. అది ఈ ప్లేయర్ ముప్పై ఫ్రేములను ఇరవై అయిదుకు కుదించడంలో వచ్చిన కుదుపు. రంగులు తెచ్చిపెట్టినందుకు మెచ్చుకున్న మార్పిడి కదలికను దెబ్బతీసిందని అప్పుడు తెలిసింది.

నా దగ్గర అమెరికా నుంచి వచ్చిన కుటుంబ డిస్కులు, విదేశాల్లో అమ్మకానికి తయారైన పాత తెలుగు సినిమా డిస్కులు ముప్పై దాకా ఉన్నాయి కనుక ఈ ప్లేయర్ నాకు ఇంకా అవసరమే. పాల్ మాత్రమే తెలిసిన పాత టీవీ ఇంకా వాడుతున్న ఇళ్లకు కూడా, కుదుపును భరించగలిగితే, ఇది పనికివస్తుంది. దీనికి కొత్త టీవీలకు తగిలించే హెచ్.డి.ఎమ్.ఐ. వైరు పెట్టే రంధ్రం లేదు కనుక టీవీలో ఏవీ ఇన్‌పుట్ లేనివారు మధ్యలో మరో పెట్టె కొనుక్కోవాలి. నలభై అంగుళాల తెర మీద బొమ్మ మెత్తగా, కాస్త మసకగానే ఉంటుంది, అమ్మకు మాత్రం అది ఇబ్బందిగా లేదు. ఈమధ్య ట్రే ఒక్కోసారి చేత్తో లాగితే గాని రావడం లేదు. అది పూర్తిగా ఆగిపోయేలోపు డిస్కులన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే పని మొదలుపెట్టాను, ఇప్పటికి పదకొండు పూర్తయ్యాయి.