లా కాలేజీ ఉచిత న్యాయ సహాయ కేంద్రం: ఎంతవరకు పనికొస్తుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది

రేటింగ్ ముందే చెప్పేస్తాను, ఐదుకి మూడున్నర. ఓపిగ్గా వినడం, కాగితాలు ఓ వరుసలో పెట్టడం, గడువు తేదీలు లెక్కగట్టడం వరకే అయితే నాలుగున్నర ఇచ్చేదాన్ని. ఒక మార్కు ఎందుకు కోశానో కింద చదివితే మీకే తెలుస్తుంది. యూనివర్సిటీ పేరు మాత్రం రాయను. అక్కడ పనిచేసే పిల్లల మీద నాకు కోపం లేదు, నా కోపమంతా దాన్ని నడిపే పద్ధతి మీదే.

విషయం ఇదీ. మా పిన్ని తెలిసినాయన ఒకరికి చేబదులిచ్చింది. ఇదిగో అదిగో అని చాలాకాలం తిప్పించుకుని చివరికి ఒక చెక్కు రాసిచ్చాడు. బ్యాంకులో వేస్తే ఖాతాలో సొమ్ము లేదని రాసిన మెమోతో తిరిగొచ్చింది. లాయరు దగ్గరికి వెళదాం పద అంటే "పోయింది చాలదా, దానికోసం ఇంకా పొయ్యాలా" అని కూర్చుంది. యూనివర్సిటీ లా కాలేజీలో ఉచితంగా సలహా చెప్తారని ఎవరో చెప్తే, ఉచితం అన్న మాటకే లేచి బయల్దేరింది.

ఇలాంటి కేంద్రం ప్రతి లా కాలేజీలోనూ ఉండి తీరాలి. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008లో తెచ్చిన న్యాయవిద్య నిబంధనల ప్రకారం, ఒక సీనియర్ అధ్యాపకుడి పర్యవేక్షణలో లీగల్ ఎయిడ్ క్లినిక్ నడపడం కాలేజీ బాధ్యత. వాస్తవంలో చాలాచోట్ల కనిపించేది గోడకి ఒక బోర్డు, ఏడాదికోసారి ఏదో ఊళ్లో పెట్టిన న్యాయ అవగాహన సదస్సు, దాని బ్యానర్ ముందు గ్రూప్ ఫోటో. తనిఖీకి వచ్చినవాళ్లకి ఆ ఆల్బమ్ చూపిస్తే సరిపోతుంది. మేం వెళ్లిన చోట బల్లలు, రిజిస్టరు, వాటి వెనక నిజంగా మనుషులు ఉన్నారు. ఇది చిన్న విషయం కాదు కాబట్టే ఈ రివ్యూ రాస్తున్నాను.

మా పిన్ని చెప్పే తీరు వింటే ఎవరికైనా తల తిరుగుతుంది. ఆయనతో పరిచయం ఎలా అయిందీ, వాళ్ల అమ్మాయి పెళ్లికి తను ఏం పెట్టిందీ, మధ్యలో మా బాబాయి ఎన్నిసార్లు వద్దన్నాడూ, ఇవన్నీ అయ్యాకే చెక్కు దగ్గరికి వస్తుంది. ఎదురుగా కూర్చున్న ఇద్దరు విద్యార్థుల్లో అబ్బాయి మొదట్లోనే సెక్షన్లు మొదలుపెట్టబోయాడు గానీ, అమ్మాయి అతన్ని ఆపి పిన్నిని మొత్తం చెప్పనిచ్చింది. అంతా విన్నాక ఒక్కటే అడిగింది. "బ్యాంకువాళ్లు మెమో ఏ తేదీన ఇచ్చారమ్మా?"

అడగాల్సింది ముందు అదే. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద చెక్ బౌన్స్ కేసంటే అంతా తేదీల ఆటే. చెక్కు మీదున్న తేదీ నుంచి 3 నెలల్లోపు బ్యాంకులో వేయాలి. బౌన్స్ అయిందని బ్యాంకు నుంచి తెలిసిన 30 రోజుల్లోపు చెక్కు ఇచ్చినవాడికి రాతపూర్వకంగా నోటీసు పంపాలి. నోటీసు అందాక కట్టడానికి అతనికి 15 రోజులు. అప్పటికీ కట్టకపోతే ఆ 15 రోజులు ముగిశాక ఒక నెలలోపు కోర్టులో ఫిర్యాదు వేయాలి. ఈ ఆఖరి నెల దాటినా తగిన కారణం చూపిస్తే కోర్టు మన్నించే వీలుంది కానీ, నోటీసుకి ఇచ్చిన 30 రోజులు దాటితే మాత్రం ఆ వెసులుబాటు లేదు. ఆ అమ్మాయి ఈ తేదీలన్నీ ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి పిన్ని చేతికిచ్చింది. ఫీజు తీసుకున్న లాయరు కూడా ఇలా రాసివ్వడం నేను చూళ్లేదు, మీరెవరైనా చూసుంటే అదృష్టవంతులు.

తప్పూ అక్కడే దొర్లింది. కేసు ఎక్కడ వేయాలి అని అడిగితే, చెక్కు ఇచ్చినాయన ఖాతా ఏ ఊళ్లో ఉందో అక్కడి కోర్టులోనే వేయాలన్నాడు ఆ అబ్బాయి, చాలా ధీమాగా. పిన్ని ముఖం వాడిపోయింది, ఎందుకంటే ఆ ఖాతా వేరే జిల్లాలో ఉంది. కాసేపటికి ఈ పిల్లల్ని పర్యవేక్షించే అధ్యాపకురాలు, మేడమ్, వచ్చి సరిదిద్దారు. అతను చెప్పింది 2014లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. మరుసటి ఏడాదే చట్టాన్ని సవరించారు. చెక్కు ఎవరికి చెల్లాలో వాళ్లు తమ ఖాతాలో వేసి ఉంటే, ఆ ఖాతా ఉన్న శాఖ పరిధిలోని కోర్టులోనే ఇప్పుడు కేసు వేయొచ్చు, అంటే పిన్ని ఉన్న ఊళ్లోనే. విద్యార్థి పాత నోట్స్ చదివి పరీక్ష రాస్తే పోయేది రెండు మార్కులు, కానీ ఇక్కడ ఒక మనిషి ఆ మాట నమ్మి కేసే వద్దనుకుని ఇంటికెళ్లిపోతుంది. మేడమ్ ఆ రోజు రాకపోయుంటే మేమూ అదే చేసేవాళ్లం. కాబట్టి అక్కడికి వెళ్లేవాళ్లకి నా మొదటి సలహా: పిల్లలు చెప్పిన సలహాని అధ్యాపకులు చూశారా లేదా అని మొహమాటం లేకుండా అడగండి. ఎవరూ ఏమీ అనుకోరు, అనుకున్నా ఫర్వాలేదు.

నోటీసు రాయడం ఈ మొత్తంలో నాకు బాగా నచ్చిన భాగం. ఈ నోటీసు లాయరు లెటర్‌హెడ్ మీదే వెళ్లాలన్న రూలేమీ లేదు, డబ్బు రావాల్సిన మనిషి తన సంతకంతో పంపినా చెల్లుతుంది. ఇది మాకు ఎవరూ చెప్పలేదు. పిల్లలు రాసిన మొదటి చిత్తుప్రతి బారెడుంది, సగం పాతకాలపు దస్తావేజు భాష, మిగతా సగం పిన్ని చెప్పిన తిట్లు కాస్త మర్యాదగా మార్చినవి. మేడమ్ ఎర్ర పెన్నుతో దాదాపు అంతా కొట్టేసి చెక్కు నంబరు, తేదీ, మొత్తం, ఎందుకు తిరిగొచ్చింది, 15 రోజుల్లో ఇంత కట్టు అన్న ముక్కలు మాత్రం ఉంచారు. వడ్డీ, ఖర్చులు అన్నీ కలగలిపి ఒకే అంకె వేయొద్దు, చెక్కు మొత్తాన్ని విడిగా స్పష్టంగా అడగాలి, లేకపోతే నోటీసే చెల్లదని అవతలి లాయరు పట్టుకుంటాడు అని చెప్తుంటే, పిల్లలిద్దరూ రాసుకోవడం చూశాను. "మోసగాడు" అన్న మాట తీసేశారని పిన్ని అలిగింది, అది వేరే కథ.

న్యాయవిద్యలో డ్రాఫ్టింగ్ ఒక పేపరు, వృత్తి నైతికత ఒకటి, ప్రత్యామ్నాయ వివాద పరిష్కారం ఒకటి, మూట్ కోర్టు ఒకటి, ఈ నాలుగూ తప్పనిసరి క్లినికల్ కోర్సులు, అంటే చేసి నేర్చుకునేవి. మూట్ కోర్టు అంటే ఉత్తుత్తి కోర్టు, అందులో పిల్లలు అనర్గళంగా వాదిస్తారు, కప్పులు కూడా గెలుస్తారు. అక్కడ కేసు వాస్తవాలన్నీ ముందే అచ్చువేసి చేతికిస్తారు. మా పిన్ని లాంటి మనిషి నోట్లోంచి ఆ వాస్తవాలు రాబట్టడం ఏ మూట్ కోర్టూ నేర్పదు. అప్పిచ్చినట్టు రుజువేంటమ్మా అని ఆ అమ్మాయి మెల్లగా అడుగుతూ పోతే, పిన్ని ఫోన్లో ఆయన పెట్టిన "వచ్చే నెల ఇచ్చేస్తా అక్కా" అనే మెసేజీలు బయటపడ్డాయి. చెక్కు అప్పు తీర్చడానికే ఇచ్చాడని మొదట చట్టం మన పక్షానే అనుకుంటుంది, కాదని చూపించాల్సింది అతనే, అయినా ఇలాంటివి చేతిలో ఉంటే బలం అని చెప్పి వాటిని స్క్రీన్‌షాట్ తీయించింది, ఫోన్ మార్చొద్దని కూడా చెప్పింది. ఈ అమ్మాయి మంచి లాయరవుతుంది, రాసిపెట్టుకోండి.

నోటీసు కవరు కొన్నాళ్లకి తీసుకోలేదని రాసి తిరిగొచ్చింది. పిన్నికి మళ్లీ టెన్షన్. సరైన చిరునామాకి పంపిన కవరుని కావాలని తీసుకోకపోతే అందినట్టే చట్టం భావిస్తుంది, ఆ కవరు విప్పకండి, అలాగే దాచండి అన్నారు. నిజమే, ఆ మూసిన కవరే తర్వాత కోర్టులో పనికొచ్చే కాగితం.

ఇక కోసిన మార్కు సంగతి. ఫిర్యాదు వేయాల్సిన ఆ ఒక నెల నడుస్తుండగా సెమిస్టర్ సెలవులొచ్చాయి. కేంద్రానికి తాళం. పిల్లల తప్పేం లేదు, మూడేళ్ల లా చదివేవాళ్లు 12 వారాలు, ఐదేళ్ల కోర్సువాళ్లు 20 వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలి కాబట్టి సెలవుల్లో అందరూ ఎక్కడో ఒక లాయరు ఆఫీసులోనో సంస్థలోనో ఉంటారు. కానీ చెక్కు గడువుకి సెమిస్టర్ అంటే ఏం తెలుసు? ఆఫీసులో ఉన్న క్లర్కుని అడిగితే "కాలేజీ తెరిచాక రండి" అన్నాడు. ఫైలు ఏ బీరువాలో ఉందో ఆయనకి తెలీదు. అసలు ఫలానా తేదీకి ఈ పని చేయాలి అని ఒకరి నుంచి ఇంకొకరికి అప్పగించే రిజిస్టరే లేదు. కాలేజీ వాళ్లు దీన్ని సిలబస్‌లో ఒక యూనిట్‌లా చూస్తున్నారు. తలుపు తట్టినవాళ్లకి అది యూనిట్ కాదు.

ఇంకోటి, ఇది చాలామందికి తెలీదు. ఈ విద్యార్థులు కోర్టులో మన తరఫున నిలబడలేరు. 1961 నాటి అడ్వొకేట్స్ చట్టం ప్రకారం బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అయిన న్యాయవాదులకే ఆ హక్కు. పూర్తికాలం జీతానికి పాఠాలు చెప్పే అధ్యాపకులూ ప్రాక్టీసు చేయడానికి లేదు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో పై తరగతి లా విద్యార్థులు లాయరు పర్యవేక్షణలో కోర్టులో వాదించొచ్చు, మన దగ్గర ఆ ఏర్పాటు లేదు. కాబట్టి కాలేజీ కేంద్రం అనేది కోర్టు గేటు దాకా వచ్చే తోడు మాత్రమే. ఈ మాట మొదటి రోజే చెప్పి, ఉచితంగా లాయరుని ఇచ్చే జిల్లా న్యాయసేవాధికార సంస్థకి ఒక ఉత్తరం రాసిచ్చి ఉంటే సెలవుల గొడవే ఉండేది కాదు.

అక్కడికి మేమే వెళ్లాం, కోర్టు ప్రాంగణంలోనే ఉంటుంది. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం సెక్షన్ 12లో ఉచిత లాయరు ఎవరెవరికి వస్తారో రాసి ఉంది. మహిళలు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు, వైకల్యం ఉన్నవాళ్లు, కస్టడీలో ఉన్నవాళ్లు, పారిశ్రామిక కార్మికులు, విపత్తు బాధితులు వీళ్లకి ఆదాయంతో పనిలేదు. మిగతావాళ్లకే ఆదాయ పరిమితి, అది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, సుప్రీంకోర్టులో కేసైతే ఏడాదికి 5 లక్షలు. పిన్ని మహిళ, అంతే, ఇంకేం అడగలేదు. ప్యానెల్ లాయరుని, అంటే ఆ సంస్థ జాబితాలో ఉన్న ఒకాయన్ని, ఇచ్చారు, ఆయనకి ఫీజు ప్రభుత్వమే ఇస్తుంది, మన దగ్గర రూపాయి అడిగినా ఫిర్యాదు చేయొచ్చు. ఆయన మా ఫైలు తిరగేసి "ఎవరు సర్దారమ్మా ఇంత పద్ధతిగా" అన్నారు. తేదీల కాగితం, మెమో, నోటీసు కాపీ, పోస్టు రసీదు, తిరిగొచ్చిన కవరు, మెసేజీల ప్రింట్లు అన్నీ వరుసలో ఉన్నాయి మరి. ఫిర్యాదు గడువులోపే పడింది. ఇప్పుడు అవతలాయన లోక్ అదాలత్‌లో వాయిదాల మీద కడతానంటున్నాడు. అక్కడ రాజీ కుదిరితే ఇచ్చే అవార్డుకి, అంటే తీర్పుకి, సివిల్ కోర్టు డిక్రీకున్న విలువే ఉంటుంది, దాని మీద అప్పీలు లేదు. అందుకే ఒక్క వాయిదా తప్పినా మొత్తం ఒకేసారి కట్టాలన్న షరతు అందులో రాయించమని లాయరుగారు చెప్పారు, రాయిస్తాం.

హాల్లో ఏకాంతం లేకపోవడం గురించి కూడా చెప్పాలి. మా పక్క బల్ల దగ్గర ఒకావిడ భర్త కొట్టిన సంగతి చెప్తోంది, మాకు ప్రతి మాటా వినిపిస్తోంది. ఆమె మమ్మల్ని చూసి గొంతు తగ్గించింది, రాసుకునే అబ్బాయి "కాస్త గట్టిగా చెప్పండమ్మా" అన్నాడు. ఖాళీ క్లాసురూములు అన్నున్న చోట ఒక గది ఇవ్వలేరా? వృత్తి నైతికత పేపరులో గోప్యత మీద పాఠం ఉంటుంది కదా.

ఎవరు వెళ్లొచ్చంటే, సమాచార హక్కు దరఖాస్తు, వినియోగదారుల ఫిర్యాదు, పింఛను అర్జీ, నోటీసు రాయించుకోవడం, అవతలివాళ్లు పంపిన నోటీసు అర్థం చేసుకోవడం, వీటికి కళ్లుమూసుకుని వెళ్లండి. వినియోగదారుల కమిషన్‌లో మన కేసు మనమే చెప్పుకోవచ్చు, కొన్నదానికి మనం కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు, కాబట్టి ఈ పిల్లలు సిద్ధం చేసిచ్చే కాగితాలతోనే చాలావరకు పనైపోతుంది. ఇంట్లోవాళ్లని పోలీసులు పట్టుకెళ్లారన్నా, రేపు ఇల్లు కూలుస్తామన్నారన్నా కాలేజీ దాకా వెళ్లి టైం వృథా చేయకండి, నేరుగా న్యాయసేవాధికార సంస్థకే వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి.

వెళ్లేటప్పుడు ఒరిజినల్ కాగితాలు చూపించడానికి మాత్రమే తీసుకెళ్లి జిరాక్సులే వాళ్లకివ్వండి. రిజిస్టరులో మీ పేరు ఎక్కిన నంబరు రాయించుకోండి. సెలవులు ఎప్పుడో, అప్పుడు ఫోనెత్తేది ఎవరో మొదటి రోజే అడగండి. మేడమ్ ఏ రోజుల్లో ఉంటారో కనుక్కుని ఆ రోజే వెళితే ఇంకా మంచిది.